పాత కప్పుకు కొత్త గిలాబు

యాసంగి పంట డబ్బు చేతికి రాగానే నస్రుల్లాబాద్ ప్రాంతంలో ఇంటికి గది కలుపుకొనే పనులు మొదలవుతాయి. పాత గదికీ కొత్త గదికీ నడిమి గోడ తీసి ఒకే హాలు చేస్తారు. గోడలకు రంగు వేశాక తేడా తెలియదు గాని, తల ఎత్తి చూస్తే కప్పు చెప్పేస్తుంది: ఒక ప్రక్క గరుకు, ఒక ప్రక్క నునుపు. "అయ్యగారూ, ఇది కలిసేదెట్లా?" అని అడుగుతుంటారు. మేము మేస్త్రీలము కాము. అయినా ఇండ్లు దర్శించేటప్పుడు చూసినవీ, పనివారి నోట విన్నవీ వ్రాస్తున్నాము.

ముందు అందము సంగతి ప్రక్కన పెట్టండి. పాత కప్పును కర్రతో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దము వస్తే ఆ గిలాబు స్లాబును వదిలిందని అర్థము. వాననీరు ఇంకి లోపలి సలాకలకు తుప్పు పడితే, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును క్రిందికి నెడుతుంది. అలాంటి చోట లప్పము పూసి కలిపేస్తే ఎవరికీ కనిపించదు. ఆ క్రిందనే పసిబిడ్డకు ఉయ్యాల కడతారు! డొల్లదంతా రాల్చి, తుప్పు గీకించి, పైన నీరు దిగే చోటు మూయించాకే కొత్త గిలాబు. నడిమి గోడ విషయమూ అంతే. పాత స్లాబు బరువంతా దాని మీదే ఉండవచ్చు. ఇంజనీరుకు చూపించకుండా సుత్తి ఎత్తవద్దు.

ఇక కలపడమంటారా, సగము పని ఇసుకదే. పాత ఇండ్లలో ఏటి ఇసుక. ఇప్పుడు చాలాచోట్ల రాతిని పొడిచేసిన రోబో ఇసుక. గింజ వేరైతే గరుకూ వేరే. పాత గిలాబు పెళ్ల ఒకటి నలిపి, దాని గింజకు సరిపడే జల్లెడ పట్టించండి. పాలు ఒకటికి మూడు, మందము ఆరు మిల్లీమీటర్ల లోపే. ముందు చిన్న షాబాదు బండ ముక్క మీద పూయించి, స్పాంజి త్రిప్పించి, ఎండాక కప్పు దగ్గర పట్టి కిటికీ వెలుగులో పోల్చండి. తడి మీద చూసి మేస్త్రీకి సరేననవద్దు. వారము రోజులు నీళ్లు చల్లి, బాగా ఆరిన తరువాత సున్నమో రంగో కప్పు అంతటికీ వేయించండి, అతుకు వేసిన చోటికి మాత్రమే కాదు.

తాతలనాటి డంగుసున్నపు కప్పైతే సిమెంటు జోలికి పోవద్దు. సున్నము చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు బిగబట్టుతుంది; చివరికి పాతదాన్ని కూడా ఊడదీసుకొని పడుతుంది. 2019లో చార్మినార్ మీనారు నుండి సున్నపు పెళ్ల రాలినప్పుడు పురావస్తు శాఖవారు సున్నముతోనే బాగు చేయించారు. మత్తయి 9వ అధ్యాయములోని మాసిక మాట తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

పాత స్లాబు, కొత్త స్లాబు కలిసే గీత దగ్గర మాత్రము ఎంత పూసినా లాభము లేదు. మన ఎండలకు రెండూ వేరువేరుగా కదులుతాయి, వచ్చే వేసవికి మళ్లీ పగులు కనిపిస్తుంది. అక్కడ దాచే ప్రయత్నము మాని సన్నని గాడి తీయించడమే మేలని మా అభిప్రాయము. ఇంటి ఆడవారికి ఇది మొదట నచ్చదు. కాని ఈ గోడ నుండి ఆ గోడ దాకా దారము పట్టించి గీయిస్తే, ఆ గాడి కావాలని పెట్టించినట్లే ఉంటుంది.