ఏడెకరాల ఇరవై ఒక్క గుంటలు

"ఉన్నోళ్లకు కూడా ఆరోగ్యశ్రీ ఎందుకు? నిజమైన పేదలకిస్తే చాలదా?" మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల చౌరస్తాలో చాయ్ తాగేవాళ్ల దగ్గర్నుంచి హైదరాబాద్‌లో ఫైళ్లు చూసే అధికారుల దాకా అందరి నోటా ఇదే మాట. ఆ మాట అనేవాడు చెడ్డవాడేం కాదు. ప్రజల సొమ్ము పక్కదారి పట్టొద్దన్నదే అతని బాధ. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ న్యాయాన్ని కాగితం మీద హద్దుగా గీసినప్పుడు అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు ఆ హద్దునే చూద్దాం. పేదల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీకి మొదట్నుంచీ తాళంచెవి తెల్ల రేషన్ కార్డు. తెలంగాణ వచ్చాక 2014లో దాని జాగాలో ఆహార భద్రత కార్డు వచ్చింది. ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో 2 లక్షలు మించొద్దన్నారు. భూమి తరి (నీటి పారకం) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి (వానాధారం) అయితే ఏడున్నర ఎకరాలు దాటొద్దన్నారు. ఏడున్నర ఎకరాలంటే పాస్‌బుక్కు లెక్కలో 7 ఎకరాల 20 గుంటలు. 7 ఎకరాల 21 గుంటలున్న రైతు ఈ లెక్కన పేదవాడు కాదు. గుంటంటే 121 చదరపు గజాలు, ఒక చిన్న ఇల్లు పట్టే జాగా. ఆ జాగా ఉంది కాబట్టి గుండె ఆపరేషన్ ఖర్చు తనే పెట్టుకోగలడని ఈ నిబంధన నమ్మకం.

ఆ ఖుష్కి కథేమిటో జడ్చర్ల చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఎర్ర చెల్క. వాన పడితే పత్తో, కందో, మక్కజొన్నో వేస్తారు. బోరు పోస్తే యాసంగిలో పల్లి వేసి బాదేపల్లి మార్కెట్‌కు తెస్తారు. బోరు ఎండితే మరో బోరు, దానికి మరో అప్పు. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలని దేశమంతా పేరుపడ్డవాళ్లలో భూమి లేనివాళ్లే కాదు, భూమి ఉండి నీళ్లు లేనివాళ్లూ ఉన్నారు. ఎకరాలు లెక్కపెడితే ఆస్తి తెలుస్తుందేమో గాని ఆదాయం తెలియదు. చేతిలో ఉన్న రొక్కం సంగతి అసలే తెలియదు. దవాఖాన కౌంటర్లో అడిగేది మాత్రం ఆ రొక్కాన్నే.

ఇక ఆదాయం గీత. పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల్లో పనిచేసే యువకుణ్ని తీసుకోండి. జీతం నెలకు 12,500 దాటితే చాలు, నిబంధన ప్రకారం పల్లెలో అతను ఆహార భద్రత కార్డుకు పనికిరాడు. ఫరవాలేదు, కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ ఉంది. కానీ ఈఎస్ఐకి కూడా 2017 జనవరి నుంచి నెలకు 21,000 దగ్గర గీత ఉంది. జీతం 22,000 అయిన రోజు ఇంట్లో మిఠాయి పంచుతారు. తర్వాత కొన్నాళ్లకు ఈఎస్ఐ పోతుంది, ఆరోగ్యశ్రీ ఎటూ లేదు. కంపెనీ తనంతట తాను బీమా చేయిస్తే సరి, లేకుంటే అమ్మానాన్నలతో సహా ఆ కుటుంబం ఏ గొడుగూ లేకుండా వానలో నిలబడినట్టే. ఇది ఒక్క జడ్చర్ల గోడు కాదు. దేశ జనాభాలో కనీసం 30 శాతం మందికి, అంటే 40 కోట్ల మందికి, ఏ ఆరోగ్య బీమా లేదని 2021లో నీతి ఆయోగే రాసింది. వాళ్లకు "తప్పిపోయిన మధ్యస్థులు" అన్న అర్థంలో ఒక పేరు కూడా వాడింది. వాళ్లు తప్పిపోలేదు. మనం గీసిన రెండు గీతల మధ్య ఇరుక్కున్నారు.

మరి సర్కారు అన్నిచోట్లా ఇంత కచ్చితంగా ఉంటుందా? 2018లో పెట్టుబడి సాయంగా రైతుబంధు పెట్టినప్పుడు ఎకరాలకు పరిమితి పెట్టలేదు. ఐదెకరాలవాడికీ ముప్పై ఎకరాలవాడికీ ఎకరాకింత అని సొమ్ము అందింది. అదే ఏడాది ఆగస్టులో రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. అక్కడా ఎకరాలు అడగరు. ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో అటెండరూ ఉంటాడు, పెద్ద ఆఫీసరూ ఉంటాడు. కేంద్రం 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయం చూడకుండా ఆయుష్మాన్ భారత్ ఇస్తోంది. అంటే గీత లేకుండా ఇవ్వడం మనకు చేతకాని పనేం కాదు. పెట్టుబడికి, చావుకు, ఉద్యోగానికి, ముసలితనానికి లేని గీత 45 ఏళ్ల ఖుష్కి రైతు జబ్బుకు మాత్రం ఎందుకని అడుగుతున్నాను.

"డబ్బులెక్కడివి?" అంటారు. ఇది తీసిపారేసే మాట కాదు. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం 2025లోనూ చూశాం. కానీ ఆ బకాయిలు 7 ఎకరాల 21 గుంటల రైతు వల్ల రాలేదు, అతను లోపలికే రాలేదు కదా! ఈ పథకంలో చిల్లు కార్డు దగ్గర లేదు, బిల్లు దగ్గర ఉంది. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు ఉమ్మడి రాష్ట్రంలో ఎంత గుప్పుమన్నాయో మర్చిపోయామా? ఆ ఆడవాళ్ల దగ్గర కార్డులు సక్రమంగానే ఉన్నాయి. కాపలా పెట్టాల్సింది ఆపరేషన్ థియేటర్ దగ్గర. మనమేమో గేటు దగ్గర పెట్టాం. ఇక నిజంగా ఉన్నవాడి మాటకొస్తే, సొంత బీమాతో ఏసీ గదిలో చేరేవాడు ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర టేబుల్ ముందు వరుసలో నిలబడడు. వాడి దగ్గర డబ్బు రాబట్టాలంటే పన్ను వేయాలి గాని పక్కింటివాడి వైద్యం ఆపకూడదు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతావి. అప్పట్లో తెల్లకార్డు చాలా ఇళ్లలో ఉండేది. పేదలు కానివాళ్లకూ ఉందని విమర్శించారు. నేననేది, ఆ వదులే పథకాన్ని నిలబెట్టిందని. ఊళ్లో ఎక్కువమందికి అందింది కాబట్టే ప్రభుత్వాలు మారినా దాన్ని తీసే ధైర్యం ఎవరికీ రాలేదు. 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషం. లోపలున్నవాళ్లకు కప్పు ఎత్తు పెరిగింది, గుమ్మం మాత్రం అంతే ఉంది.

గుమ్మం బయట మిగిలినవాడు ఏం చేస్తాడు? మొదట బంగారం కుదువ పెడతాడు. తర్వాత అప్పు, ఆ తర్వాత రెండెకరాలు అమ్మకం. బిల్లులన్నీ పట్టుకొని ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెడతాడు. నెలల తర్వాత ఖర్చులో కొంత చెక్కుగా వస్తుంది, ఫొటోతో సహా. హక్కుగా అందాల్సింది దయగా అందుతుంది. ఈలోగా రెండెకరాలు పోయాయి కాబట్టి అతనిప్పుడు కార్డుకు అర్హుడు! మనిషి చితికిపోయాక ఆదుకునే పథకాన్ని ఆరోగ్య భద్రత అనలేం.

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. ఉద్యోగుల, కార్మికుల బీమాల్లో లేని ప్రతి పౌరుణ్నీ 2002లో థాయిలాండ్ ఒకే పథకంలోకి తెచ్చింది. మనమూ ఆదాయం, ఎకరాలు వదిలేసి ఒకే ప్రశ్న అడగాలి: "నీకు వేరే ఆరోగ్య బీమా ఉందా?" లేదంటే ఆరోగ్యశ్రీ ఉన్నట్టే. తెల్లకార్డు నిబంధన సడలించాలని 2024లో ప్రభుత్వ పెద్దలే అన్నారు. ఆ మాటను జీవోగా తెమ్మని గ్రామసభల్లో, ప్రజావాణిలో మనం అడగాలి. 7 ఎకరాల 21 గుంటల రైతు రేపు చనిపోతే ఆ ఇంటికి 5 లక్షలు ఇవ్వడానికి ఈ రాష్ట్రం సిద్ధంగా ఉంది. ఆ మనిషి మంచం మీద ఉన్నప్పుడే ఆ డబ్బు ఖర్చు పెట్టమని అడుగుదాం.