ఎవరికి శత్రువు?

2008లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) షేరుకి 26 డాలర్లిచ్చి టేక్-టూని కొంటానంది. టేక్-టూ బోర్డు వద్దంది కాబట్టి అది ‘హోస్టైల్ టేకోవర్’, అంటే శత్రువు దాడి. చివరికి ఈఏనే వెనక్కి తగ్గింది.

2025లో అదే ఈఏ, సౌదీ ప్రభుత్వ నిధి ఉన్న బృందానికి 5,500 కోట్ల డాలర్లకి అమ్ముడుపోవడానికి ఒప్పుకుంది. బోర్డు సరేనంది కాబట్టి ఇది స్నేహమట! అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పే. ఇలాంటి బేరాల్లో ఆ అప్పు కొన్నవాళ్ల మీద కాదు, కంపెనీ నెత్తిన పడుతుంది. వడ్డీ కోసం ముందు కోసేది జీతాలే. ఈఏకి హైదరాబాదులోనూ స్టూడియో ఉంది. అక్కడ కోడ్ రాసేవాళ్లని ఎవరడిగారు?

మా మనుబోలులో పొలం చేతులు మారితే కౌలురైతునీ ఎవరూ అడగరు. దాన్ని స్నేహం అనే సిగ్గులేనితనం మాత్రం మా ఊళ్లో లేదు.