పుస్తకాన్ని ఫోనులో పెడితే పాఠమవుతుందా?

మీరు ఈ పుటలు ఎక్కడ కూర్చొని చదువుతున్నారు? ఇంట్లోనా, పనిచేసే చోటా, రైలులోనా? పాఠం రాసేవాళ్ళు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. పుస్తకం విషయంలో ఈ ప్రశ్న మరచిపోయినా పెద్ద నష్టం లేదు. పుస్తకాన్ని ఎక్కడైనా తెరవవచ్చు. ఫోనులో పాఠం తయారుచేసేటప్పుడు దీన్ని దాటవేస్తే మాత్రం శ్రమంతా వృథా అవుతుంది. ఫోనులో పాఠాలు ఇవాళ కావలసినన్ని ఉన్నాయి. అభ్యాసకుని రోజు ఎలా గడుస్తుందో చూసి తయారుచేసినవి చాలా తక్కువని నా అభిప్రాయం.

సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం వజ్రాల సానకూ, పాలిస్టర్ బట్టకూ పేరు పొందింది. తెలంగాణలోని పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్, భీవండి, సూరత్‌లకు వలస వెళ్ళాయి. సూరత్‌లోని లింబాయత్ వంటి పేటల్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. ఆ మెట్టు దాటాక తెలుగులో చదువు సాగించడం కష్టం. అక్కడ ఆగిపోయి మగ్గం పనిలో చేరిన యువకులు, పెళ్ళయి వచ్చి ఇంట్లో చీరలకు రాళ్ళు అతికే పనిచేసే స్త్రీలు మళ్ళీ చదవాలనుకుంటే సార్వత్రిక విద్య ఒక దారి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదో తరగతిని తెలుగు మాధ్యమంలో కూడా అందిస్తుంది. ఒకసారి చేరితే అయిదేళ్ళలోగా పూర్తి చేయవచ్చు.

ఇప్పుడు అటువంటి అభ్యాసకుని రోజు చూడండి. మరమగ్గాల షెడ్లలో సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టు ఉంటుంది. కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి. మగ్గాలు నడిచేచోట పక్కమనిషికి మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాలి. షిఫ్టు దిగి గదికి వచ్చేసరికి ఒళ్ళు అలసి ఉంటుంది. గదిలో మరో నలుగురుంటారు, వాళ్ళలో ఒకరిద్దరు నిద్రపోతుంటారు. కుటుంబంతో ఉంటే ఆ వేళకు ఫోను పిల్లల చేతిలో ఉంటుంది. చదువుకు మిగిలేది ఎంత? టీకి బయటికి వచ్చిన పది నిమిషాలు, షెడ్డుకు నడిచే పావుగంట, సెలవునాడు ఒక పూట. ఇవన్నీ కలిపితే వారానికి నాలుగైదు గంటలు కావచ్చు, కానీ అవి ముక్కలుగానే దొరుకుతాయి. నలభై అయిదు నిమిషాల వీడియో ఉపన్యాసం ఈ ముక్కల్లో ఇమిడేది కాదు.

ఈ సంగతి నాకు ముందే తట్టి ఉంటే బాగుండేది. కొన్నేళ్ళ క్రితం ఒక గణిత పాఠాన్ని ఫోనులోకి తెచ్చే పని నాకు అప్పగించారు. ముద్రించిన పాఠాన్ని ఉన్నదున్నట్టు పీడీఎఫ్‌గా మార్చి, ఒక అధ్యాపకుని ఉపన్యాసం వీడియోను దానికి జతచేసి, పని అయిపోయిందనుకున్నాను. తరువాత సూరత్‌లో ఆ పాఠాన్ని దించుకున్న ఒక నేత కార్మికుని పక్కన కూర్చొని చూశాను. ఆయన వేళ్ళతో అక్షరాలను పెద్దవి చేశాడు. వాక్యం సగం తెర బయటికి పోయింది. పక్కకు జరిపాడు, మళ్ళీ వెనక్కు తెచ్చాడు. మూడో పంక్తి దగ్గర ఫోను కింద పెట్టేశాడు. "సార్, చిన్నగ జేస్తే చీమల లెక్క గనవడ్తున్నయి, పెద్దగ జేస్తే లైను తప్పుతున్న. పుస్తకమే మంచిగుండె" అన్నాడు. వీడియో సంగతి నేనింక అడగనక్కరలేకపోయింది. ఫోనులో జాగా లేదని ఆయన దాన్ని అప్పటికే తుడిచేశాడు.

ఆయన మాటను లెక్కవేసి చూద్దాం. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. మామూలు ఫోను తెర వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు, అంటే మూడో వంతు. కాగితం మీద 12 పాయింట్లున్న అక్షరం తెర మీద 4 పాయింట్లకు దిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలకే అది చాలదు. తెలుగులో గుడి, ఏత్వం తల మీద వస్తాయి, కొమ్ము పక్కన వస్తుంది, వత్తు కింద వస్తుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనపడకపోతే మాటే మారిపోతుంది. కాబట్టి తెర ఎంత ఉంటే అంతలోకి పంక్తులు సర్దుకొనే రూపంలో పాఠం ఉండాలి. ఈపబ్ అనే పుస్తక రూపం ఈ పని చేస్తుంది. సరిగా తయారైన వెబ్ పుట కూడా చేస్తుంది.

ఇక్కడ తెలుగుకు ఇంకొక చిక్కు ఉంది. మన పాత పుస్తకాలు చాలావరకు అను వంటి డీటీపీ ఫాంట్లలో కూర్చినవి. అక్కడ తెర మీద మనకు 'క' కనిపిస్తున్నా, కంప్యూటరు లోపల దాచుకున్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో అయి ఉంటుంది. ఆ ఫాంటు లేని ఫోనులో అది పిచ్చిగీతల వరుసగా మారుతుంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు 1991 నుంచి సొంత సంఖ్యలున్నాయి. యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని వెతకవచ్చు, పెద్దది చేసుకోవచ్చు, ఫోను చేత చదివించుకోవచ్చు కూడా. పాత ఫాంట్ల నుంచి మార్చే సాధనాలు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. మార్చిన తరువాత ఒక మనిషి కూర్చొని అక్షరం అక్షరం దిద్దవలసిందే. ప్రారంభోత్సవానికి నోచుకోని పని ఇది. అయినా నన్నడిగితే మొదటి రూపాయి దీనికే ఖర్చు పెట్టాలి.

ఇక బరువు. ఒక చిన్న పాఠంలో పదివేల అక్షర సంకేతాలు ఉన్నాయనుకోండి. యూనికోడ్ రాతలో సాధారణంగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. పాఠం మొత్తం 30 కిలోబైట్లు. ఏడు నిమిషాల మాటను సెకనుకు 24 కిలోబిట్ల చొప్పున నిలువచేస్తే సుమారు ఒకటింబావు మెగాబైట్లు. అదే ఏడు నిమిషాల వీడియో, సెకనుకు 500 కిలోబిట్ల సాదా నాణ్యతతోనే, 26 మెగాబైట్లు దాటుతుంది. అంటే ఒక్క వీడియో పట్టే జాగాలో ఇరవై శ్రవ్య పాఠాలు పడతాయి.

2016లో జియో వచ్చాక డేటా చౌక అయింది కదా, ఇంకా ఈ పొదుపెందుకు అని మీరు అడగవచ్చు. నిజమే, దించుకోవడం తేలికైంది. కానీ దించుకున్నది దాచుకోవడానికి ఫోనులో చోటుండాలి. ఇంటికి డబ్బు పంపిన నెలాఖరులో రీచార్జి నాలుగు రోజులు వెనక్కు పోతుంది. ఒక ఫోనును ముగ్గురు వాడుతుంటే ఆ రోజు డేటా సాయంత్రానికి అయిపోతుంది. ఆ నాలుగు రోజులూ నెట్ లేకుండా నడిచే పాఠమే పాఠం.

అందువల్ల ఫోను పాఠంలో మొదటి స్థానం రాతకూ మాటకూ ఇవ్వాలని నేనంటాను. వీడియో వద్దని కాదు. వృత్తలేఖినితో కోణాన్ని రెండు సమభాగాలు చేయడం, సున్నపుతేట ఊపిరి తగిలి పాలలా మారడం చూపించి తీరాలి. వాటికి రెండు నిమిషాల వీడియో చాలు. బల్ల వెనక కూర్చొని మాట్లాడే అధ్యాపకుని ముఖం చూపడానికి మాత్రం 26 మెగాబైట్లు అక్కరలేదు. (ఆ ముఖం నాదైనా ఇదే మాట అంటాను.)

శ్రవ్య పాఠం విషయంలో ఒక జాగ్రత్త. మగ్గం నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని పాఠం వినవచ్చని కొందరు ఉత్సాహంగా చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. పోగు తెగినా, బెల్టు జారినా, పక్కవాడు కేక వేసినా మీకు మొదట తెలిపేది చెవే. నడకలో వినండి, అదీ రోడ్డు దాటేటప్పుడు ఆపి.

పరికరం కొత్తదైనప్పుడల్లా మనం ఒకే పొరపాటు చేస్తాం: పరికరం చేరితే చదువు చేరినట్టే అనుకుంటాం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాల ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలు అందులో ఉన్నాయి. అదే కాలంలో సూరత్‌కు ఉత్తరాన ఉన్న ఖేడా జిల్లాలో, పీజ్ అనే ఊళ్ళో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి మరొక ప్రయోగం చేశారు. అక్కడ కార్యక్రమాలు ఆ జిల్లా ప్రజల యాసలో, వాళ్ళనే పాత్రధారులుగా పెట్టి, కూలి రేట్లు, కులవివక్ష, తాగుడు వంటి వాళ్ళ సమస్యల మీదే తయారయ్యాయి. ఫోను పాఠాలు రాసేవారికి నేను చూపే దారి ఖేడాదే. ఉపగ్రహం నుంచి వచ్చే పాఠం ఆరు రాష్ట్రాలకు సర్దుకోవాలి. పీజ్ నుంచి వచ్చేది ఒక్క జిల్లాకు నప్పితే చాలు. ఫోను పాఠాన్ని అంతకంటే చిన్న వలయానికి, ఒక పేటకు సైతం, తక్కువ ఖర్చుతో తయారుచేయవచ్చు.

ఎలాగో శాతాల పాఠంతో చూద్దాం. మీరు 400 మీటర్ల బట్ట నేశారు. మీటరుకు 2 రూపాయలు. అందులో 12 మీటర్లకు లోపముందని సేటు కూలి పట్టుకున్నాడనుకోండి. ఎంత శాతం పోయింది? మొదటి ముక్క ఈ ప్రశ్నతోనే ఆగిపోవాలి. జవాబు వెంటనే చెప్పకూడదు. షెడ్డు దాకా నడిచే పావుగంట ఉంది కదా, మనసులో లెక్క తిరగనివ్వండి. రెండో ముక్క "400లో 12 దగ్గర ఆగాం" అని మొదలుకావాలి, ఎందుకంటే విన్నవారు ఈ మధ్యలో ఒక షిఫ్టు చేసి వచ్చారు. తరువాత తెర మీద మూడు జవాబులు: 3, 12, 24. మీరు 12 నొక్కితే "తప్పు" అని ఎర్రగుర్తు చూపించి ఊరుకోవడం చేతగాని పాఠం లక్షణం. "మీరు మీటర్లనే శాతంగా తీసుకున్నారు, ఆ 12ను 400తో భాగించి, 100తో గుణించండి" అని చెప్పాలి. 24 నొక్కినవారు పోయిన రూపాయలను లెక్కించారు; ఆ లెక్క సరే, అడిగింది అది కాదని చెప్పాలి. జవాబు 3 శాతం. ఇటువంటి ప్రశ్నలు అల్లడానికి హెచ్5పీ అనే ఉచిత సాధనం ఉంది. సాధనం కంటే, ఏ తప్పు ఎందుకు వస్తుందో ఊహించగల ఉపాధ్యాయుడు దొరకడం కష్టం.

రికార్డు చేయడానికి స్టూడియో అవసరం లేదు. ఫోనులోని రికార్డరు చాలు. కిటికీలు మూసి, గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే మోత తగ్గుతుంది. అనవసరమైన చోట్లు కత్తిరించడానికి ఆడాసిటీ అనే ఉచిత సాధనం సరిపోతుంది. పూర్తయిన పాఠానికి దారి చూపే క్యూఆర్ గుర్తును పుస్తకంలో ఆ పాఠం పక్కనే ముద్రించాలి. 2017లో మొదలైన దీక్షా వేదిక పాఠశాల పుస్తకాల్లో ఈ పద్ధతిని తెచ్చింది. నాకిది నచ్చడానికి కారణం, పుస్తకం మీ చేతిలోనే ఉంటుంది, ఫోను దానికి తోడుగా వస్తుంది.

ఆ శాతాల పాఠాన్ని తిరగరాసి, ముక్కలుగా రికార్డు చేసి, వెనకటి కార్మికునికే వినిపించాను. రెండు నిమిషాలు విని ఆపాడు. "మరమగ్గం అంటే మా సాంచెనేనా సార్?" అని అడిగాడు. అవునన్నాను. "మరి సాంచె అనే అనరాదుండ్రి" అన్నాడు. నేను ఆ మాటను పుస్తకం కోసం గౌరవంగా ఎంచుకున్నాను. ఆయన రోజంతా దానితో బతుకుతూ కూడా ఆ పేరుతో దాన్ని గుర్తుపట్టలేదు. మళ్ళీ రికార్డు చేశాం.

ఇప్పుడు మీకొక పని. ఈ పుస్తకంలోగానీ దీని ఫోను పాఠంలోగానీ మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిలుతో గీత గీయండి. ఫోనులో అయితే ఎన్నో నిమిషమో రాసుకోండి. అర్థంకాని మాట ఉంటే దాని పక్కన మీ ఇంట్లో వాడే మాట రాయండి. సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చి, అధ్యాపకునికి చూపించండి.