జనంలేని అలల కోసం

మన పెద్దలకు సముద్రమంటే పర్వదినాన మూడు మునకలు వేసి, ఒడ్డుకు వచ్చి తడిబట్టలు పిండుకునే చోటు. మన పిల్లలకు అది సవారీకి పనికివచ్చే గుర్రం. ఆరడుగుల బల్ల చంకన పెట్టుకుని నీళ్ళలోకి పోతారు. వెనకనుంచి అల లేచి వస్తూండగా బల్లమీద బోర్లా పడుకుని రెండు చేతులా తెడ్లు వేస్తారు. అల అందుకోగానే ఒక్క వుదుటున లేచి నిలబడి ఒడ్డుదాకా వస్తారు. దీన్నే సర్ఫింగు అంటున్నారు. చెన్నపట్నం దాపున కోవళంలో, మంగుళూరు దగ్గిర ముల్కిలో, కోణార్క దారిలో రామచండి వద్ద, విశాఖలో రుషికొండ వద్ద యిది సాగుతూనే వున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మొదటిసారిగా దీనికి పతకాలు కూడా యిచ్చారు. కాబట్టి పనిలేని ఆట అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

చిక్కంతా ఆదివారాలతో వచ్చింది. ఒక అలమీద ఒక్కరే సవారీ చేయాలనీ, అల విరగడం మొదలయ్యే చోటికి యెవరు దగ్గిరగా వుంటే అల వారిదనీ యీ ఆటలో రివాజు. ఒక్కొక్క అలకు పదిమంది కాచుకుంటే అది రేషను దుకాణం వరసే అవుతుంది. అందుచేత మా సంఘం యువకులు ముగ్గురు జనంలేని దీవికి పోతామని కాగితంమీద పథకం వేసి, మమ్మల్ని ఒకసారి చూసిపెట్టమన్నారు. ఆఫీసులో యిరవై యేళ్ళుగా టూరు బిల్లులు సరిచూసే చెయ్యి గనుక మా దగ్గిరకు తెచ్చారు. యిలాంటి కాగితం యేదో ఒకనాడు మీ యింట్లోనూ బయలుదేరకపోదు. అందుకే సరిచూసినంతమేర పాఠకుల ముందు పెడుతున్నాము.

వారు యెంచుకున్నది లిటిల్ అండమాన్ దీవి. పోర్ట్ బ్లెయిరుకు దక్షిణాన సుమారు 120 కిలోమీటర్ల దూరం. ఆ పట్నానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అయినా మన నోళ్ళలో పాత పేరే ఆడుతున్నది. ఎంపిక మంచిదే. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు నడిచి అక్కడికి చేరతాయి. దారిలో చిన్నాచితకా అలలు అణిగిపోయి పొడుగాటి వుబ్బులు మాత్రం మిగులుతాయి. మన తీరపు గాలికి లేచే అలలు అయిదారు సెకన్లకొకటి వచ్చి మీద పడతాయి. ఆ దూరపు అలకూ అలకూ మధ్య పధ్నాలుగు పదిహేను సెకన్ల వ్యవధి వుంటుంది. లోతునుంచి వచ్చిన ఆ నీరు పగడపు దిబ్బకు తగలగానే గోడలా లేచి, ఒక పక్కనుంచి రెండో పక్కకు వరసగా విరుగుతూ పోతుంది. ఆ గోడ పక్కనే జారుకుంటూ పోవడం కోసమే యింత ప్రయాణం. కొత్తగా నేర్చుకునేవారికి బట్లర్ బే అనే యిసుక తీరం వున్నది.

మార్చి నడుమనుంచి మే నడుమదాకా అదను. అప్పటికి దక్షిణాన తుపానులు మొదలవుతాయి, యిక్కడ గాలి యింకా పల్చగా వుంటుంది. మే మూడో వారం దాటేసరికి నైరుతి ఋతుపవనం అండమానుకు చేరి అంతా చెడగొడుతుంది. మా వంటి గుమాస్తాలకు మార్చి అంటే లెక్కలు మూసే నెల. ఆ నెలలో సెలవు అడిగినవాణ్ణి పై అధికారి చూసే చూపు యే తుపానుకూ తీసిపోదు. కాబట్టి ఏప్రిలు రెండో వారం అని దిద్దాము.

పదిరోజుల సెలవులో యెనిమిది రోజులు అలలమీద వుంటామని వారు రాశారు. మేము యెర్ర పెన్సిలు తీసుకున్నాము. చెన్నైనుంచి ఓడమీద పోతే పోనూ మూడు రోజులు, రానూ మూడు రోజులు. పైగా ఓడ తేదీ వారి సెలవు చూసి రాదు. విమానమైతే రెండుంబావు గంటలు. అయితే విమానం దిగిన పూటే లిటిల్ అండమానులోని హట్ బే రేవుకు ఓడ దొరుకుతుందని నమ్మకం లేదు. దొరికితే ఆరునుంచి యెనిమిది గంటల ప్రయాణం. ఆ దారిలో సముద్రం మోటుది, బాగా లేకపోతే ఓడ ఆగిపోతుంది. తిరుగుదారిలో ఒక రోజు ఖాళీగా వుంచుకోకుండా విమానం టిక్కెట్టు కొనేవాడు దుబారామనిషి. యివన్నీ తీసివేస్తే చేతికి మిగిలేవి అయిదు రోజులు. అందులో ఒకటి రెండు రోజులు అల లేవకపోవచ్చు.

బల్లల సంగతి. బల్ల పొడుగు కొలిచి విమానం కంపెనీవారికి ముందుగా రాసి, సరేనన్న జవాబు కాగితంమీద వుంచుకోవాలి. బల్లనూ కాలినీ కలిపే తాళ్ళు, బల్ల అడుగున బిగించే రెక్కలు, చిల్లు పడితే పూసే బంక, యివి రెండేసి చొప్పున తీసుకుపోవాలి. హట్ బే బజారులో బియ్యం, కిరసనాయిలు దొరుకుతాయి గాని యివి దొరకవు.

కాగితం యింతవరకు వచ్చేసరికి వారిలో ఒకబ్బాయి తల్లిగారు కాఫీ తెచ్చి యిస్తూ అన్నారు: "అన్నయ్యగారూ, జనం లేరని వీళ్ళు సంబరపడుతున్నారు. మునిగితే చెయ్యి అందించేవాడు కూడా లేడనేగదా దాని అర్థం?"

"అంతేనమ్మా," అన్నాము.

"బాబాయిగారూ, అమ్మకు కోవళం అన్నా భయమే," అన్నాడు అబ్బాయి.

భయమో కాదో గాని, మాకు మాత్రం ఆమె అడిగినదే పథకంలో అసలు పద్దుగా తోచింది. కోవళంలో కాలు తెగితే ఆటో యెక్కి గంటలో పెద్దాసుపత్రికి చేరవచ్చు. అక్కడ పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిరులో వున్నది. మధ్యలో ఆ మోటు సముద్రం. ఆ పగడం రంపపు పళ్ళవంటిది. గీరితే దాని ముక్కలు పుండులో వుండిపోయి చీము పడుతుంది. మంచినీళ్ళతో బాగా కడిగి, ముక్కలు తీసి, మందు వేసి, ఆ పుండు మానేవరకు వుప్పునీళ్ళలోకి దిగకూడదు. సముద్రం తీసినప్పుడు దిబ్బమీద మోకాలి లోతు కూడా వుండదు గనుక ఆటుపోట్ల వేళలు రాసిపెట్టుకోవాలి. తలకు టోపీ, కాళ్ళకు జోళ్ళు సిగ్గుపడకుండా తొడుక్కోవాలి. యిద్దరు నీళ్ళలో వుంటే మూడోవాడు ఒడ్డునే వుండి చూస్తూండాలి. వాగులు సముద్రంలో కలిసేచోట మొసళ్ళుంటాయి, అక్కడ యీత వద్దు. దోమలకు తెర, మలేరియా మందుకు డాక్టరు సలహా. ముగ్గురిలో ఒకడైనా ప్రథమచికిత్స నేర్చి రావాలని రాసి, దానికింద రెండు గీతలు గీశాము.

భూమి కదిలితే సామాను చూసుకోకుండా మెట్టకు పరుగెత్తాలి. 2004 డిసెంబరు 26న సునామీ హట్ బేను తుడిచిపెట్టింది. ఆ దీవి ఆదివాసులైన ఓంగీలు మాత్రం భూమి కదలడమూ సముద్రం వెనక్కు తగ్గడమూ చూసి, ముందే యెత్తుకు చేరి బతికారు.

అందుచేత "జనంలేని దీవి" అన్న మాటను కాగితంమీద కొట్టివేశాము. 2011 జనాభా లెక్కల్లో ఓంగీలు 101 మంది. దీవిలో పెద్దభాగం వారికి ప్రత్యేకించిన అడవి. 1956నాటి రెగ్యులేషను ప్రకారం అనుమతి లేకుండా అక్కడ కాలు పెట్టడం నేరం. బయటివారి జలుబు కూడా అంత చిన్న జాతికి చేటు. అల యెంత బాగున్నా, పడవవాడు యెంత చవకగా వస్తానన్నా, ఆ ఒడ్డున దిగకూడదు. యే తీరం తెరిచి వున్నదో హట్ బేలో అధికారులను అడిగి తెలుసుకోవాలి. మిగతా భాగంలో తూర్పు బెంగాలునుంచి వచ్చి స్థిరపడినవారూ, నికోబారు వారూ వున్నారు. మొత్తం అండమాన్ నికోబారులో 2011 నాటికి నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవారే. పోర్ట్ బ్లెయిరు బజారులో "యే వూరు బాబూ మీది?" అని యెవరైనా అడిగితే మనవాళ్ళు అదిరిపడనక్కరలేదు.

2020 ఆగస్టులో చెన్నైనుంచి సముద్రంకింద వేసిన తీగ లిటిల్ అండమానుదాకా పోయింది. రోజూ సాయంత్రం ఫోను చేయాలని తల్లిగారు షరతు పెట్టి ఒప్పుకున్నారు. లైసెన్సు లేని ఉపగ్రహపు ఫోను మాత్రం మూటలో పెట్టరాదు, మన దేశంలో అది నిషిద్ధం.

రెండో అబ్బాయి యింట్లోనూ సరేనన్నారు. మూడో అబ్బాయి నాన్నగారు యింకా సంతకం పెట్టలేదు. హట్ బేనుంచి తిరిగివచ్చే ఓడ టిక్కెట్టు ముందు చూపిస్తే అప్పుడు చూద్దామన్నారు. ఆ టిక్కెట్లు ఓడ బయలుదేరడానికి కొద్దిరోజుల ముందుగాని అమ్మరు. యీ సంగతి ఆయనకు మేమే చెప్పాలని ముగ్గురూ మా గుమ్మంలో కూర్చున్నారు.