ఘాటు దిగుతూ



గత వానాకాలంలో కూడిక ముగించుకొని, ఉట్నూరు నుండి ఆసిఫాబాదుకు మోటారు సైకిలుపై వస్తున్నాను. కెరమెరి ఘాటు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వదిలాను. మూడో మలుపులో బ్రేకు ఎంత తొక్కినా వేగం తగ్గలేదు. లోయ అంచున కంకర కుప్పకు తగిలి ఆగాము. వెనుక కూర్చున్న నా కుమారుడు, “బాపూ, ఇంజనెందుకు బంద్ చేసినవే?” అని ఏడ్చాడు.

ఇంజను నడుస్తూ చిన్న గేరులో ఉంటే అదే బండిని పట్టి ఉంచుతుంది. లేనిచో భారమంతా బ్రేకులపైన పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి.

ఎక్కుడులో అందరమూ ప్రార్థిస్తాము. పంట ఇల్లు చేరాక, అప్పు తీరాక, ఇక దిగుడే గదా అని ప్రార్థన ఆపివేస్తాము. ఆ రాత్రి నా కుమారుని క్షమాపణ అడిగి, 121వ కీర్తన చదివి, మా యింట మానిన కుటుంబ ప్రార్థన తిరిగి ప్రారంభించాను. మీ యింట ఎలాగున్నది?