కంప్యూటరు పెట్టెను కూర్చుట



మన యిండ్లలో సీపీయూ యని పిలుచు పెట్టె నిజమునకు సీపీయూ కాదు, క్యాబినెట్టు. సీపీయూ, అనగా ప్రాసెసరు, దానిలోపల నుండు చిన్నబిళ్ల. లోపలి సంగతి తెలియమిచే భయము కలుగుచున్నది. ఆ భయముచేతనే ఒక్క ర్యాము పలకను మార్చుటకును పెట్టెను రాజమహేంద్రవరము దుకాణములకు మోయింతుము. ఆడపిల్ల మరను విప్పబోయిన "ముట్టకు" మని వారింతుము. సూదిలో దారమెక్కించు చేతికి ఇది కష్టమైన పని కాదు. క్రమము తెలిసిన చాలును.

1995వ సంవత్సరమున ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను కొలతల నేర్పఱచెను. ఆ మదర్‌బోర్డు నిండుకొలత 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మరల రంధ్రములకు నియతస్థానము లుండుటచే, ఒక సంస్థ బోర్డు వేఱొక సంస్థ మిడ్‌టవరు పెట్టెలో అమరును.

మొదట కరెంటు తీగను గోడనుండి తీసి, రంగు పూయని లోహమును తాకి, దేహమందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుడు. బోర్డు బల్లపై నుండగనే ప్రాసెసరును, ర్యామును అమర్పుడు. ప్రాసెసరు మూలనున్న త్రిభుజపు గుర్తు, బోర్డుమీది గుర్తుతో కలియవలెను, అదుమరాదు.

తరువాత పెట్టెలోని ఇత్తడి కాళ్లను చూడుడు. ఇదియే ముఖ్యము. బోర్డునకు రంధ్రమున్నచోటనే కాలుండవలెను. రంధ్రము లేనిచోట నొక్కటి మిగిలినను, అది బోర్డు అడుగున తగిలి, విద్యుత్తు అడ్డదారి పట్టి, వేలరూపాయల వస్తువు చెడవచ్చును. కావున లెక్కించి, అధికమైనవానిని తీసివేసి, పిమ్మట మరలను కొంచెము కొంచెముగా బిగింపుడు.

ఎస్ఎంపీఎస్ నుండి వచ్చు 24 పిన్నుల తీగ బోర్డునకు. 8 పిన్నులది ప్రాసెసరునకు. రెండవదానిని మఱచినచో ఫ్యానులు తిరిగినను తెఱపై బొమ్మ రాదు. ఎస్ఎంపీఎస్‌ను మాత్రమెన్నడును విప్పరాదు. తీగ తీసిన తరువాతను దానిలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు కొంతకాలము నిలిచియుండును. మూడుకాళ్ల ప్లగ్గునకు నిజమైన ఎర్తు కలదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుకొనుడు.

ఇక గాలి. మన మండువా యిండ్లలో గాలికి రాకపోకల దారులుండును గదా! పెట్టెకును అట్లే వలయును. ముందువైపు ఫ్యాను చల్లగాలిని లోనికి దీయవలెను. వెనుకది వేడిని వెడలింపవలెను. ఫ్యాను మోటారును పట్టియుంచు కమ్ములున్న వైపునకు గాలి పోవునని గుర్తు. మన గోదావరి సీమ తేమగాలికి ధూళి తడిసి జాలీకి అంటుకొనును. నెలకొకమారు జాలీని దులుపుడు. పెట్టెను గోడకానించి యుంచకుడు.

విప్పిన మరలను గిన్నెలో వేసి, పిల్లచేత లెక్కింపజేయుడు. మీరు ప్రక్కనుండి చూచుచు, స్క్రూడ్రైవరును ఆమె చేతి కిండు. యంత్రము చెడునను శంక కంటె, తనకు చేతకాదను తలంపు ఆమె మనసున పాతుకొనుటయే పెద్దనష్టము.