పవర్‌ బ్యాంకూ మాట్లాడాలి

మీ ఫోన్‌లో చార్జింగ్‌ అయిపోతే ఏమవుతుంది? కాసేపు వాట్సాప్‌ చూడలేరు. ఎవరైనా ఫోన్‌ చేస్తే దొరకరు. ఇంటికెళ్లి చార్జర్‌కు తగిలిస్తే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

అదే నా ఫోన్‌ ఆగిపోతే? నేను ఏ వీధి మలుపులో ఉన్నానో చెప్పే గొంతు ఆగిపోతుంది. చేతిలోని మందు డబ్బా మీద ఏం రాసి ఉందో చదివిపెట్టే గొంతు ఆగిపోతుంది. ఆటో అతను తిరిగిచ్చిన నోటు ఎంతదో చెప్పే గొంతు ఆగిపోతుంది. నాకు చూపు లేదు. అడుగు ముందున్న గుంత సంగతి చేతికర్ర చెబుతుంది. మిగతా ఊరి సంగతంతా ఫోనే చెప్పాలి. అందుకే ఇంట్లోంచి బయల్దేరేముందు కర్ర తర్వాత నేను తడిమి చూసుకునే రెండో వస్తువు పవర్‌ బ్యాంకు.

ఈ వారం మీతో ఆ చిన్న డబ్బా గురించే మాట్లాడాలనుకుంటున్నాను. ఆరోగ్యం పేజీలో దీనికేం పని అనుకోకండి. కంటి వైద్యమంటే పరీక్షలు, చుక్కల మందులు, ఆపరేషన్లే కాదు. వైద్యులు చేయగలిగిందంతా చేశాక మిగిలిన చూపుతోనో, అసలు చూపు లేకుండానో బతకడం నేర్చుకోవడం కూడా అందులో భాగమే. 2011 జనగణన ప్రకారం మన దేశంలో చూపు వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైగానే. గ్లకోమా వల్లో, మధుమేహంతో రెటీనా దెబ్బతినో చూపు తగ్గిన పెద్దవారు మీ ఇంట్లోనే ఉండొచ్చు.

ఫోన్‌ మీద ఎందుకింత భారం?

ఆండ్రాయిడ్‌ ఫోన్లలో టాక్‌బ్యాక్‌, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌ అనే సదుపాయాలుంటాయి. తెరమీద వేలు పెట్టినచోట ఏముందో పైకి చదువుతాయి. అలా చదవడానికి బ్యాటరీ పెద్దగా ఖర్చు కాదు. ఖర్చంతా కెమెరా, జీపీఎస్‌, మొబైల్‌ డేటా కలిసి పనిచేసినప్పుడే. మాకు బయట అవసరమయ్యేవి సరిగ్గా ఆ మూడే.

దారి చెప్పే మ్యాపు గంటల తరబడి నడుస్తూనే ఉండాలి. బోర్డు మీదో, బిల్లు మీదో అక్షరాలు చదవాలంటే సీయింగ్‌ ఏఐ, లుక్‌అవుట్‌ వంటి యాప్‌లు కావాలి. 2015లో డెన్మార్క్‌లో మొదలైన ‘బీ మై ఐస్‌’ యాప్‌లో వీడియో కాల్‌ చేస్తే, ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకులు మన కెమెరాలోంచి చూసి ఎదురుగా ఏముందో చెబుతారు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన ‘మణి’ యాప్‌ నోటు విలువ చెబుతుంది. దానికి ఇంటర్నెట్‌ అక్కర్లేదు గానీ కెమెరా కావాలి, కెమెరాకు బ్యాటరీ కావాలి. పొద్దున పనికి, మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లిన రోజున నా ఫోన్‌ సాయంత్రం దాకా నిలవదు.

ఆ నాలుగు లైట్లు

కిందటి వానాకాలంలో ఓ రాత్రి కాజీపేట జంక్షన్‌లో రైలు దిగాను. రైలు మూడు గంటలు ఆలస్యం. ఫోన్‌లో నాలుగు శాతం ఉంది. ఫర్వాలేదు, ముందు రోజు రాత్రంతా చార్జింగ్‌ పెట్టిన పవర్‌ బ్యాంకు సంచిలో ఉంది కదా అనుకున్నాను. కేబుల్‌ తగిలించాను. ఫోన్‌ ఉలకలేదు, పలకలేదు. బటన్‌ నొక్కాను. మళ్లీ నొక్కాను. కేబుల్‌ తీసి ఇటు అటు మార్చి గుచ్చాను. పాడైంది కేబులా? బటన్‌ సరిగ్గా పడలేదా? పవర్‌ బ్యాంకే ఖాళీనా? ఏదీ తెలియదు. ఈలోగా ఫోన్‌ ఆగిపోయింది.

ఇరవై నిమిషాలు గడిచాక పక్కనే ఉన్న టీ కొట్టు అతను, “ఏమైంది సార్‌? ఇంతసేపటి సంది ఏం ఒత్తుతున్నరు?” అని దగ్గరికి వచ్చాడు. చేతిలో పెట్టాను. “ఇండ్ల ఒక్క లైటు గూడ వస్తలేదు సార్‌. మొత్తం అయిపోయింది” అన్నాడు. తన కొట్టులోని ప్లగ్గుకే ఫోన్‌ తగిలించి, కూర్చోవడానికి స్టూలు వేశాడు.

ఇంటికెళ్లి తడిమి చూస్తే సంగతి తెలిసింది. రాత్రంతా చార్జింగ్‌ పెట్టానన్న మాట నిజమే. ఎక్స్‌టెన్షన్‌ బాక్స్‌ స్విచ్‌ మాత్రం వేయలేదు. చూపున్నవారైతే బాక్స్‌ మీది ఎర్ర లైటునో, పవర్‌ బ్యాంకు మీది లైట్లనో చూసి వెంటనే పట్టేసేవారు. స్విచ్‌ వేయకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి కావాల్సిన సమాచారమంతా వెలుగు రూపంలోనే ఉంది. నాకు అందే రూపంలో ఒక్కటీ లేదు.

“లైట్లు చూసిపెట్టే యాప్‌లున్నాయి కదా” అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. సీయింగ్‌ ఏఐలో వెలుగును శబ్దంగా మార్చి వినిపించే ఏర్పాటు కూడా ఉంది. కానీ అదీ ఫోన్‌లోనే! పవర్‌ బ్యాంకులో ఎంత ఉందో తెలియాలంటే ఫోన్‌ బతికి ఉండాలి. ఫోన్‌ బతకాలంటే పవర్‌ బ్యాంకు కావాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే.

వేళ్లతో, చెవులతో...

తయారీదారులు మారేదాకా మేం ఆగలేం కదా. నాకు పనికొచ్చిన పద్ధతులు కొన్ని చెబుతాను. ఇది మీ ఇంట్లో చూపులేనివారికి చదివి వినిపించండి.

కొనేటప్పుడు టైప్‌-సి ఉన్నదే తీసుకోండి. దాన్ని ఎటు తిప్పి గుచ్చినా పడుతుంది. పాత మైక్రో యూఎస్‌బీలో వైపు తెలియక గుచ్చీ గుచ్చీ పిన్ను వంగిపోయేది. బటన్‌ ఉబ్బెత్తుగా, వేలికి తగిలేలా ఉండాలి. అంకెలు చూపే తెరకోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, అది మాకు దండగ. బీఐఎస్‌ రిజిస్ట్రేషన్‌ మార్కు ఉందో లేదో షాపులోనే చూపున్నవారి చేత చదివించుకోండి.

డబ్బా మీద 10,000 ఎంఏహెచ్‌ అని ఉన్నంత మాత్రాన అంతా ఫోన్‌లోకి రాదు. లోపలి సెల్‌ 3.7 వోల్టులది, బయటికొచ్చేది 5 వోల్టులు. ఆ మార్పులో, వేడి రూపంలో పోయేది పోగా సుమారు 6,000 మిగులుతుంది. అంటే 5,000 ఎంఏహెచ్‌ ఫోన్‌ను ఒకసారి నింపి, మరికొంచెం. 20,000ది కొంటే బరువు దాదాపు రెట్టింపు. ఒక చేతిలో ఎప్పుడూ కర్ర ఉండే మనిషికి ఆ బరువు లెక్కలోకి వస్తుంది.

చార్జింగ్‌ ఎక్కించుకునే పోర్టు పక్కన ఒక చుక్క, ఇచ్చే పోర్టు పక్కన రెండు చుక్కలు నెయిల్‌ పాలిష్‌తో పెట్టించుకోండి. రెండు మూడు పూతలు వేసి ఆరనిస్తే వేలికి బాగా తగులుతాయి. రంధ్రంలో పడకుండా చూసుకుంటే చాలు.

పవర్‌ బ్యాంకును చార్జింగ్‌ పెట్టేటప్పుడు ముందు అదే కేబుల్‌ను మీ ఫోన్‌కు తగిలించండి. ఫోన్‌ ‘టింగ్‌’మంటే స్విచ్‌ వేసి ఉంది, కరెంటు ఉంది, కేబుల్‌ బాగుంది అని అర్థం. అప్పుడు ఆ కేబుల్‌ను తీసి పవర్‌ బ్యాంకుకు గుచ్చండి. కాజీపేట రాత్రి తర్వాత నేను ఈ పని మానలేదు.

ఫోన్‌కు తగిలించాక శాతం ఎంతో విని గుర్తు పెట్టుకోండి. పది నిమిషాల తర్వాత మళ్లీ వినండి. పెరగకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. రెండు వైపులా టైప్‌-సి ఉన్న కేబుల్‌తో ఒక్కోసారి తమాషా జరుగుతుంది. పవర్‌ బ్యాంకు ఫోన్‌కు ఇవ్వాల్సింది పోయి, ఫోనే పవర్‌ బ్యాంకుకు ఇస్తుంటుంది! శాతం తగ్గుతుంటే కేబుల్‌ తీసి మళ్లీ గుచ్చండి. చెవిలో పెట్టుకునే బడ్స్‌ లాంటి చిన్నవాటికైతే కొన్ని పవర్‌ బ్యాంకులు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. వాటిని ఇంట్లోనే చార్జ్‌ చేసుకోవడం మేలు.

టాక్‌బ్యాక్‌లో, వాయిస్‌ఓవర్‌లో తెరను పూర్తిగా నల్లగా చేసే సదుపాయం ఉంది. మాట వినిపిస్తూనే ఉంటుంది. బ్యాటరీ ఆదా అవుతుంది, పక్క సీటువారికి మన మెసేజీలూ కనిపించవు.

ఇక భద్రత. ఉబ్బిన బ్యాటరీ చూపున్నవారి కంట పడుతుంది. మనం వారానికోసారి బల్ల మీద పెట్టి వేళ్లతో నొక్కి చూడాలి. అటూ ఇటూ ఊగినా, అంచుల అతుకు విడినట్టు తగిలినా, ఘాటైన మందు వాసన వచ్చినా దాన్ని మళ్లీ వాడొద్దు, చార్జింగ్‌ పెట్టొద్దు. చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. దిండు కింద, పరుపు మీద చార్జింగ్‌ వద్దు. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. విమానంలో వెళ్తే చేతి సంచిలోనే ఉండాలి, చెక్‌-ఇన్‌ సామానులో పెట్టకూడదు.

ఇంట్లోవాళ్లకు ఓ మాట

పవర్‌ బ్యాంకు మీకు అదనపు వస్తువు కావొచ్చు. చూపులేని మీ నాన్నగారికో, అత్తయ్యకో అది కళ్లజోడు లాంటిది. “ఒక్క గంట వాడుకుని ఇస్తాలే” అని అడక్కుండా సంచిలోంచి తీయకండి. తీస్తే ఎంత వాడారో చెప్పి, తీసినచోటే పెట్టండి. స్విచ్‌ బోర్డు దగ్గర వాళ్లు పెట్టుకున్న కేబుల్‌ను సర్దేయకండి. ఎప్పుడూ మీరే చార్జింగ్‌ పెట్టి ఇవ్వడం కంటే, వాళ్లే పెట్టుకునేలా ఒకటికి రెండుసార్లు చేయి పట్టి చూపించండి. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్‌ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చూపు కోల్పోయినవారికి పునరావాస సేవలున్నాయి. వెళ్లినప్పుడు ఫోన్‌ వాడకం గురించీ అడగండి.

అడుగుతున్నది దయ కాదు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 43వ సెక్షన్‌, అందరూ వాడుకోగలిగేలా రూపొందించిన వినియోగ వస్తువుల తయారీని, పంపిణీని ప్రభుత్వం ప్రోత్సహించాలని చెబుతోంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. డిజిటల్‌ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో అదే కోర్టు తేల్చింది. ఆ సేవలన్నీ ఫోన్‌లోంచే వస్తున్నాయి. ఫోన్‌ బ్యాటరీతో నడుస్తోంది. మరి బ్యాటరీ సంగతి ఎవరు పట్టించుకోవాలి?

నేను కోరేది పెద్ద ఆవిష్కరణేమీ కాదు. బటన్‌ నొక్కితే ఎన్ని లైట్లు వెలుగుతాయో అన్నిసార్లు ‘బీప్‌’మనాలి, లేదా వణకాలి. చార్జింగ్‌ మొదలైతే ఒక శబ్దం, నిండితే ఒక శబ్దం. పోర్టుల పక్కన వేలికి తగిలే గుర్తులు. అతి చవక ఫోన్‌లోనూ వైబ్రేషన్‌ ఉంటుంది. పిల్లల ఆటబొమ్మ కూడా కూస్తుంది. పవర్‌ బ్యాంకుకు మాత్రం ఎందుకు భారమవుతుంది? కేంద్రం ఏడిప్‌ పథకం కింద చూపులేనివారికి స్మార్ట్‌ఫోన్లు కూడా ఇస్తోంది. ఆ ఫోన్‌తో పాటు ఇలాంటి పవర్‌ బ్యాంకు ఇస్తే, కొనుగోలుదారుగా ప్రభుత్వమే కంపెనీల చేత ఆ మార్పు చేయించగలదు.

“చూపులేనివారు ఎంతమంది కొంటారని కంపెనీలు మార్చాలి?” అనేవారుంటారు. శబ్దం మాకోసమే కాదు. శుక్లాలు వచ్చిన తాతయ్యకు ఆ సన్నటి లైట్లు కనిపించవు. మిట్టమధ్యాహ్నం పొలంలో నిలబడ్డ రైతుకూ కనిపించవు. స్టేషన్లలో చక్రాల కుర్చీ కోసం కట్టిన ర్యాంపు మీద ఇవాళ అందరూ సూట్‌కేసులు లాక్కెళ్తున్నారు కదా, ఇదీ అంతే.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఓ పని చేయండి. ఇప్పుడే మీ పవర్‌ బ్యాంకు తీయండి. కళ్లు మూసుకుని, ఎవరినీ అడక్కుండా, అందులో ఎంత చార్జింగ్‌ ఉందో చెప్పండి. చెప్పలేకపోతే ఆ లోపం మీది కాదు, ఆ డబ్బాది. నా విషయంలోనూ అంతే.